డబుల్ ప్రమోషన్: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరగతి దాటించే నిర్ణయం

వయసుకు మించిన చురుకు చూపే బిడ్డను మధ్యలో ఒక తరగతి వదిలించి, ఆ పై తరగతిలో కూర్చోబెట్టటాన్ని తెలుగునాట డబుల్ ప్రమోషన్ అంటారు. రెండో తరగతి పూర్తయిన పిల్లవాణ్ణి మూడు చదివించకుండా నాలుగులో చేర్చటం దీనికి సూటి ఉదాహరణ. ఉత్తరాంధ్రలో ఈ మాట పాత తరానికి బాగా తెలుసు. 'మా గుంటడు డబుల్ ప్రమోషన్ కొట్టాడు' అని చెప్పుకోవటం ఇంటిల్లిపాదికీ గర్వకారణంగా ఉండేది. ఇప్పుడు పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్, ఏటేటా నమోదయ్యే తరగతి వివరాలు వచ్చాక ఆ వెసులుబాటు తగ్గింది. అయినా 'మా పాపకు ఈ తరగతి పాఠాలన్నీ వచ్చేశాయి, పై తరగతిలో వేయకూడదా?' అని తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. దానికి జవాబు బిడ్డ తెలివి ఒక్కదానిమీదే ఆధారపడదు. ఆ బిడ్డ ముందున్న ప్రవేశ పరీక్షల వయసు నిబంధనలు, చేరబోయే బడి, ఇంటి పరిస్థితి, అన్నిటికంటే ముఖ్యంగా బిడ్డ ఇష్టం కలిస్తేనే జవాబు దొరుకుతుంది.

రూపాలు

చదువును వేగిరపరచటం ఒకే పద్ధతిలో జరగదు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం నుంచి 2004లో వెలువడిన 'ఎ నేషన్ డిసీవ్డ్' నివేదిక ఇలాంటి పద్ధతులు 18 ఉన్నాయని లెక్కగట్టింది. మన ప్రాంతానికి పనికొచ్చేవి నాలుగు. ఒకటి, బడిలో ముందుగా చేర్చటం. రెండు, ఒక తరగతిని పూర్తిగా దాటించటం. మూడు, తరగతి మార్చకుండా ఒక్క సబ్జెక్టులో మాత్రం పై తరగతి పాఠం చెప్పటం. నాలుగు, రెండేళ్ళ పాఠాలను ఒక ఏడాదిలో పూర్తిచేయించటం.

ప్రైవేటు బడుల్లో తరచు కనిపించే రూపం ఎల్‌కేజీ తర్వాత యూకేజీ వదిలేసి ఒకటో తరగతిలో వేయటం. పేరుకు ఇది డబుల్ ప్రమోషన్ కాకపోయినా ఫలితం అదే: బిడ్డ తన తరగతిలో అందరికంటే ఏడాది చిన్న అవుతుంది. ఆ వయసులో ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఆరో తరగతి ప్రవేశాల దగ్గర, పదో తరగతి పరీక్ష దగ్గర దాని అసలు బరువు తెలుస్తుంది.

తరగతులు లేని బడి

పుట్టిన సంవత్సరాన్ని బట్టి పిల్లలను వరుసగా తరగతుల్లో కూర్చోబెట్టటం మన నేలలో పాత అలవాటు కాదు. వీధిబడిలో ఒకే అరుగు మీద ఓనమాలు దిద్దే పసివాడు, ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడు, పద్యం వల్లెవేసే పెద్దవాడు పక్కపక్కనే కూర్చునేవారు. ఇసుకలో అక్షరాలు వచ్చినవాడు పలక పట్టేవాడు; పలక మీద చేయి తిరిగినవాడు తాటాకు అందుకునేవాడు. ఎవరి నడక వారిది. ముందున్న పిల్లలు వెనకున్నవారికి నేర్పేవారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విచారణలో మద్రాసు రాజధాని అంతటా 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్టు తేలింది. 1826 మార్చిలో ఆయన రాసిన నివేదికలో ఈ అంకెలు ఉన్నాయి. నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు అప్పట్లో గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో భాగం. వీధిబడులున్న రోజుల్లో డబుల్ ప్రమోషన్ అనే మాటకే తావు లేదు. దాటటానికి మధ్యలో గోడ ఉండాలి కదా.

ఇంగ్లీషు బడులతో ఆ గోడలు వచ్చాయి. విజయనగరంలో 1857లో మొదలైన మహారాజా వారి పాఠశాల 1879 నాటికి కళాశాల అయింది. ఆ బడిలో చదువుకున్న ఇద్దరు సహాధ్యాయుల జీవితాలు ఈ చర్చకు బాగా ఉపకరిస్తాయి. గురజాడ అప్పారావు 1862లో పుట్టారు. గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. వయసులో చిన్నవాడైన గిడుగు 1879లోనే మెట్రిక్యులేషన్ ముగించి, మరుసటి ఏడు పర్లాకిమిడిలో బడిపంతులయ్యారు. గురజాడ మెట్రిక్యులేషన్ ముగించింది 1882లో. ఆ తర్వాత వరుస మారిపోయింది. గురజాడ 1884లో ఎఫ్.ఏ. (నేటి ఇంటర్ వంటిది), 1886లో బి.ఏ. పూర్తిచేశారు. గిడుగు ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. అందుకున్నారు. ఒకరు మెట్రిక్‌లో మూడేళ్ళు ముందు, బి.ఏ.లో పదేళ్ళు వెనక. వాడుక భాష కోసం ఆ ఇద్దరూ చేసిన పనిని తలచుకునేటప్పుడు ఎవరు ఏ పరీక్ష ఏ వయసులో ముగించారని అడిగేవారు లేరు.

విజయనగరమే మరో మాదిరి కూడా చూపింది. చూపులేని ఒక బాలుడికి సంగీతం నేర్పించటం కోసమని విజయరామ గజపతి 1919లో సంగీత కళాశాలను నెలకొల్పారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ విని, దాసుగారు ఆయనను అక్కడే అధ్యాపకుడిగా నియమింపజేశారు. నాయుడుగారు 1893లో పుట్టారు. అప్పటికి పాతికేళ్ళ యువకుడు. ఒక బిడ్డ అవసరం చూసి సంస్థ కట్టటం, ఒక మనిషి విద్య విని అతనికి తగిన చోటు చూపటం, రెండూ ఒకే ఊళ్ళో ఒకే ఏడాది జరిగాయి. తరగతి దాటించే నిర్ణయంలో ఉండవలసిన చూపు ఇదే. ముందు శ్రద్ధగా వినాలి, ఆ తర్వాత చోటు నిర్ణయించాలి.

చట్టం, విధానం

2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. దాని నాలుగో సెక్షన్‌లో 'వయసుకు తగిన తరగతి' అనే సూత్రం ఉంది. బడికి దూరమైన బిడ్డ తిరిగి వచ్చినప్పుడు, చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టి చిన్నబుచ్చకుండా, ఈడువారి తరగతిలోనే చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్నది దాని సారం. వలసల జిల్లాలైన శ్రీకాకుళం, విజయనగరాలకు ఇది ఎంతో విలువైన రక్షణ. తల్లిదండ్రుల వెంట పనుల కోసం దూరపు ఊళ్ళకు వెళ్ళి ఏడాది, రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చే పిల్లలు ఇక్కడ ఉన్నారు. అదే చట్టంలో ఈడుకంటే ముందు నడిచే బిడ్డ గురించి విడిగా ఏమీ లేదు. వయసు నిర్ణయానికి జనన ధ్రువపత్రం వంటి ఆధారం చూడాలని 14వ సెక్షన్ చెబుతుంది. ఆధారం లేదని ప్రవేశం నిరాకరించకూడదని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

ప్రతిభ ఉన్న పిల్లల ప్రస్తావన విధాన పత్రాల్లో ఉంది. ప్రత్యేక ప్రతిభ గల పిల్లలకు మరింత వేగంగా ముందుకు సాగే అవకాశం కల్పించాలని, అందుకు కుటుంబం డబ్బు చెల్లించగల శక్తి అడ్డు కాకూడదని 1986 జాతీయ విద్యా విధానం చెప్పింది. నవోదయ విద్యాలయాల వెనక ఉన్న ఆలోచన అదే. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిభావంతులైన పిల్లల బోధనపై మార్గదర్శకాలు రూపొందించే బాధ్యతను ఎన్‌సీఈఆర్‌టీ, ఎన్‌సీటీఈలకు అప్పగించింది. ఈ రెండు విధానాలూ పిల్లల వేగాన్ని గుర్తించాయి. ఆ వేగాన్ని అందుకోవటానికి తరగతి దాటించటమే దారి అని మాత్రం చెప్పలేదు.

వయసు అడిగే తలుపులు

ఉత్తరాంధ్ర పల్లెలో చదువుకునే పేదింటి బిడ్డకు మంచి చదువు తలుపులు కొన్నే ఉన్నాయి. వాటిలో చాలావరకు మార్కుతో పాటు వయసునూ అడుగుతాయి.

జవాహర్ నవోదయ విద్యాలయం: శ్రీకాకుళం జిల్లాకు సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో, విజయనగరం జిల్లాకు శృంగవరపుకోట మండలం కిల్తంపాలెంలో ఉన్నాయి. ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు ఆ ఏడాది అదే జిల్లాలో అయిదో తరగతి చదువుతూ ఉండాలి. 2025-26 ప్రవేశాలకు 2013 మే 1 నుంచి 2015 జులై 31 మధ్య పుట్టినవారినే అనుమతించారు. అంటే ఆరులో చేరేనాటికి సుమారు పదేళ్ళు నిండాలి. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులవి. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు మూడింటినీ గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన బడిలో, ఒక్కో తరగతికి ఒక పూర్తి విద్యా సంవత్సరం చొప్పున చదివి ఉండాలి. ఈ పరీక్ష రెండోసారి రాయనివ్వరు.

సైనిక్ పాఠశాల: విజయనగరం జిల్లా కోరుకొండలో 1962లో మొదలైంది. ఆరో తరగతికి ఆ ఏడాది మార్చి 31 నాటికి 10 నుంచి 12 ఏళ్ళ మధ్య, తొమ్మిదో తరగతికి 13 నుంచి 15 ఏళ్ళ మధ్య వయసుండాలి.

ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్) ఉపకార వేతనం: ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవారికి ఈ పరీక్ష పెడతారు. ఎంపికైనవారికి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఎనిమిదిని దాటేసిన బిడ్డకు ఈ పరీక్ష రాసే ఏడాదే ఉండదు.

పదో తరగతి: రాష్ట్ర బోర్డు పరీక్ష రాసే విద్యార్థికి ఆ విద్యా సంవత్సరం ఆగస్టు 31 నాటికి 14 ఏళ్ళు నిండాలి. తక్కువైతే వయసు సడలింపుకు దరఖాస్తు చేసుకోవాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ కూడా పదో తరగతికి 14 ఏళ్ళే అడుగుతుంది.

ట్రిపుల్ ఐటీ: ఎచ్చెర్ల మండలంలో ఉన్న, 2016లో మొదలైన శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కుల ఆధారంగా ఆరేళ్ళ చదువుకు చేర్చుకుంటుంది. ఇక్కడ వయసు తక్కువైనదానికంటే మార్కు తగ్గినదే పెద్ద నష్టం.

ఇంటర్ తర్వాత: రాష్ట్ర ఈఏపీసెట్ ద్వారా ఇంజనీరింగ్‌లో చేరటానికి ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 16 ఏళ్ళు, నీట్ ద్వారా వైద్య విద్యలో చేరటానికి 17 ఏళ్ళు నిండాలి.

లెక్క వేసి చూస్తే

రాష్ట్ర సిలబస్ బడుల్లో అయిదేళ్ళు నిండగానే ఒకటో తరగతిలో చేర్చటం చాలాకాలంగా ఉన్న వాడుక. జూన్ నెలలో పుట్టి, సరిగ్గా అయిదేళ్ళు నిండి ఒకటిలో చేరిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. మామూలుగా చదివితే ఆరో తరగతికి వచ్చేసరికి పదేళ్ళు ఉంటాయి. నవోదయకు వయసు సరిపోతుంది. సైనిక్ పాఠశాలకు కొద్ది నెలలు తక్కువ. ఈ అమ్మాయికి అయిదులోపు ఎక్కడైనా ఒక తరగతి దాటిస్తే, ఆరులో అడుగుపెట్టేసరికి తొమ్మిదేళ్ళే. నవోదయ తలుపు మూసుకుంటుంది. సైనిక్ పాఠశాల ఇంకా దూరం. పదో తరగతికి పదమూడేళ్ళే కాబట్టి వయసు సడలింపు కోరాలి. ఇంటర్ ముగిసేసరికి పదహారు. ఇంజనీరింగ్‌కు వయసు సరిపోతుంది. డాక్టరు కావాలనుకుంటే మాత్రం ఒక ఏడాది ఖాళీగా ఆగాలి. చిన్న తరగతిలో మిగుల్చుకున్న ఏడాదిని పన్నెండు తర్వాత తిరిగి ఇచ్చేయటమే అవుతుంది.

ఆరేళ్ళు నిండాక ఒకటిలో చేరిన పిల్లవాడి లెక్క వేరు. అతనికి ఒకటి లేదా రెండో తరగతి దాటిస్తే ఆరుకు పదేళ్ళు ఉంటాయి. మూడు, నాలుగు, అయిదు పూర్తిగా చదివి ఉంటాడు కనుక నవోదయ గ్రామీణ కోటాకూ అడ్డు రాదు. అదే పిల్లవాణ్ణి మూడు నుంచి నేరుగా అయిదుకు పంపితే ఆ కోటా పోతుంది.

కాబట్టి ఈ రెండు జిల్లాల్లో నవోదయ ఆశ ఉన్న ఇంటికి మూడు నుంచి అయిదు దాకా, ఉపకార వేతనం అవసరమైన ఇంటికి ఎనిమిదో తరగతి, ముట్టుకోకూడని తరగతులు. పట్నంలో ఫీజు కట్టగలిగిన ఇంటికి ఈ లెక్క అంత ముఖ్యం కాకపోవచ్చు. కూలి పనితో బతికే ఇంటికి నవోదయలో దొరికే ఏడు సంవత్సరాల ఉచిత వసతి చదువు బిడ్డ జీవితాన్నే మలుపు తిప్పగలదు. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం జిల్లాది 58.89 శాతం. రెండూ ఉమ్మడి రాష్ట్ర సగటు 67.02 కంటే తక్కువే. ఇలాంటి చోట తెరిచి ఉన్న ఒక్క తలుపును తొందరలో మూసుకోకూడదు.

పరిశోధనలు చెప్పేది

'ఈడుకాని పిల్లల మధ్య బిడ్డ ఒంటరైపోతుంది' అన్నది పెద్దల మొదటి భయం. ప్రపంచవ్యాప్త పరిశోధనలు ఈ భయాన్ని చాలావరకు బలపరచలేదు. జాగ్రత్తగా ఎంపిక చేసి పై తరగతికి పంపిన పిల్లలు అక్కడి పెద్దపిల్లలకు సమానంగా చదువుతున్నారని, స్నేహాల్లో, మనసు నిబ్బరంలో సగటున నష్టపోవటం లేదని అవి చెబుతున్నాయి. జూలియన్ స్టాన్లీ 1971లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన అధ్యయనం గణితంలో అసాధారణ ప్రతిభ గల పిల్లలను దశాబ్దాల తరబడి గమనించింది. ఆ బృందంవారిని 35 ఏళ్ళు అనుసరించి 2021లో ప్రచురించిన ఫలితాల్లోనూ చదువును వేగిరపరచటం వల్ల పెద్దయ్యాక మానసిక క్షేమం దెబ్బతిన్న జాడలు లేవు. ఆస్ట్రేలియాలో మిరాకా గ్రాస్ 60 మంది అత్యంత ప్రతిభావంతులైన పిల్లలను గమనించి, ఈడువారితోనే కట్టిపడేసిన వారిలోనే ఒంటరితనం ఎక్కువని గుర్తించారు.

ఈ మాటలను మన జిల్లాలకు అన్వయించేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పరిశోధనల్లోని పిల్లలను పరీక్షించి ఎంపిక చేశారు. వారి వెనక సలహాదారులు, సర్దుబాటు చేయగల బడులు ఉన్నాయి. పక్కింటి పిల్లవాడితో పోటీకో, ఒక ఏడాది ఫీజు కలిసొస్తుందనో దాటించిన పిల్లలకు ఆ ఫలితాలు వర్తించవు.

అరుదైన వేగం చూపిన వారూ ఉన్నారు. వేలూరులో 1977లో పుట్టి అమెరికాలో పెరిగిన అంబటి బాలమురళి 13 ఏళ్ళకు న్యూయార్క్ విశ్వవిద్యాలయ పట్టా, 17 ఏళ్ళకు 1995లో వైద్య పట్టా పొంది, తర్వాత నేత్రవైద్యుడిగా స్థిరపడ్డారు. హైదరాబాదు టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఎనిమిదేళ్ళకే పదో తరగతి స్థాయి పరీక్ష ముగించి, ఆ తర్వాత రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఈ ఇద్దరి వెనకా చదువును భుజాన వేసుకున్న తల్లిదండ్రులున్నారు. ఇలాంటి వార్తలు పత్రికల్లో చదివి మన బిడ్డకూ అదే కొలత పెట్టటం అన్యాయం. ఒక తరగతి ముందు నడిచే చురుకు వేరు, అయిదారేళ్ళు ముందు నడిచే అసాధారణత వేరు.

ఎవరిని దాటించవచ్చు

అయోవా విశ్వవిద్యాలయం నిపుణులు తయారుచేసిన కొలమానం తరగతి దాటించే నిర్ణయానికి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. బిడ్డకు ఇష్టం లేకపోయినా, చేరబోయే తరగతిలో సొంత అన్నో అక్కో ఉన్నా, ఇప్పుడున్న తరగతిలోనే తోబుట్టువు ఉన్నా దాటించవద్దని అది సూచిస్తుంది. మన ఇళ్ళకు ఈ తోబుట్టువుల నియమం మరీ ముఖ్యం. చెల్లెలు వచ్చి అక్క బెంచీలో కూర్చుంటే చిన్నదానికి దక్కే మెప్పు కంటే పెద్దదానికి తగిలే గాయం పెద్దది. ఒకే బడిలో చదివే పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు ఉన్న ఊళ్ళలో పోలికలు ఇంకా త్వరగా పుడతాయి.

పల్లె బడిలో ఖరీదైన పరీక్షలు లేకుండా చూడగలిగినవి కూడా ఉన్నాయి. పై తరగతి తెలుగు వాచకం కొత్త పాఠం చదివి, అందులో ఏముందో తన మాటల్లో చెప్పగలదా? పై తరగతి లెక్కల పుస్తకంలో చివరి పాఠాల లెక్కలు చేసి, ఎందుకలా చేసిందో వివరించగలదా? వదిలేయబోయే తరగతిలోని కీలక అంశాలు, ముఖ్యంగా భిన్నాలు, భాగహారం, దశాంశాలు నిజంగా వచ్చా, లేక విని ఒప్పజెబుతోందా? ఎక్కాలు గడగడ చెప్పటం జ్ఞాపకశక్తి. ఎక్కం మరిచిపోయినప్పుడు దాన్ని తానే కట్టుకోగలగటం అవగాహన. తరగతి దాటటానికి కావలసింది రెండోది.

చేతిరాత కూడా చూడాలి. చిన్నపిల్లల్లో బుర్ర పరుగెత్తినంత వేగంగా వేళ్ళు పరుగెత్తవు. నోటితో అన్నీ చెప్పే బిడ్డ, మూడు గంటల రాతపరీక్షలో సగం కాగితం ఖాళీగా ఇచ్చి ఏడవవచ్చు. ఇక దూరం సంగతి. చాలా ఊళ్ళలో ప్రాథమిక బడి ఇంటి పక్కన ఉంటే, ఉన్నత పాఠశాల వేరే ఊళ్ళో ఉంటుంది. ఏడాది ముందే ఆ దారి నడవాల్సింది, ఆటో ఎక్కాల్సింది, వసతిగృహంలో పడుకోవాల్సింది ఆ చిన్న ప్రాణమే.

తెలివిగా కనిపించటానికి మరో కారణం కూడా ఉంటుంది. ఒకే తరగతిలో పదకొండు నెలల తేడా ఉన్న పిల్లలుంటారు. ఆరేళ్ళ వయసులో పదకొండు నెలలంటే పెద్ద తేడా. పెద్దవాడు చురుగ్గా, చిన్నవాడు మందంగా కనిపించటం సహజం. ఒకటి, రెండు తరగతుల్లో బిడ్డ చురుకును కొలిచేటప్పుడు పుట్టిన నెల పక్కన పెట్టుకుని చూడాలి.

కనిపించని చురుకు

'ఎవరిని దాటించాలి' అని అడిగినప్పుడు మన కళ్ళు ముందు బెంచీ మీదికి, బాగా మాట్లాడే పిల్లల మీదికి పోతాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లోని సవర పిల్లలు తెలుగు బడిలో మౌనంగా కూర్చున్నారంటే చురుకు లేదని కాదు. బడి భాష వారి ఇంటి భాష కాదు. ఈ నిజాన్ని నూరేళ్ళ కిందటే గ్రహించిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 2022 ఏప్రిల్ 4న ఈ కొండప్రాంతం చాలావరకు పార్వతీపురం మన్యం జిల్లాగా ఏర్పడింది. అక్కడి బిడ్డ లెక్కల చురుకును తెలుగు ప్రశ్నతో కొలిస్తే భాషే అడ్డుపడుతుంది. ఇంటి భాషలో అడిగి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

విసుగు కూడా చురుకును కప్పేస్తుంది. వచ్చిన పాఠమే మళ్ళీ మళ్ళీ విన్న బిడ్డ పక్కవాళ్ళతో మాట్లాడుతుంది, కిటికీలోంచి చూస్తుంది, నోటుపుస్తకం పూర్తిచేయదు. ఉపాధ్యాయుడు అల్లరి అని రాసుకున్నది చదువు ఆకలి కావచ్చు. ఇంటి పనులు చూసుకుంటూ, తమ్ముణ్ణి ఎత్తుకుంటూ చదివే ఆడపిల్లల చురుకును ఇంట్లోవారే గుర్తించకపోవచ్చు.

తరగతి మారకుండా ముందుకు నడిపించటం

ఒక సబ్జెక్టులోనే ముందున్న బిడ్డకు ఆ సబ్జెక్టు ఒక్కటే ముందుకు జరపటం మేలు. ఆస్ట్రేలియాలో టెరెన్స్ టావో చిన్నతనంలోనే గణితానికి ఉన్నత పాఠశాల తరగతులకు వెళ్తూ, మిగతా పాఠాలు తన ఈడుకు దగ్గర పిల్లలతో చదివారు. 2006లో ఆయనకు ఫీల్డ్స్ పతకం వచ్చింది. మన ప్రాథమిక బడుల్లో దీనికి ఖర్చే లేదు. నాలుగో తరగతి బిడ్డ లెక్కల పీరియడ్‌కు అయిదో తరగతి గదిలో కూర్చుంటుంది. హాజరుపట్టీలో తరగతి మారదు. నవోదయ అర్హత పోదు. వయసు సడలింపు కోరాల్సిన పని రాదు.

ఏకోపాధ్యాయ బడుల్లో అయితే అన్ని తరగతులూ ఒకే గదిలో ఉంటాయి. లోటుగా కనిపించే ఆ ఏర్పాటు చురుకైన బిడ్డకు వరంగా మారగలదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ సంస్థ పల్లె బడుల కోసం రూపొందించిన కార్డుల పద్ధతిలో ప్రతి బిడ్డా తన మెట్టు తానే ఎక్కుతూ పోతుంది. కర్ణాటకలోని నలికలి, తమిళనాడులోని కార్యాచరణ పద్ధతి దాని ప్రభావంతో పుట్టినవే. వీధిబడి అరుగు మీది నడక మళ్ళీ మరో రూపంలో తిరిగొచ్చినట్టు.

పైకి దూకించటమే కాదు, లోతుకు తీసుకెళ్ళటమూ వేగమే. భిన్నాలు వచ్చిన బిడ్డకు పై తరగతి బీజగణితం చెప్పటం ఒక దారి. నాన్న పొలంలో ఎకరాలు, సెంట్లు కొలిపించి, బస్తాల లెక్క వేయించి, తూకంలో తేడా ఎక్కడొచ్చిందో కనిపెట్టమనటం మరో దారి. ఊరి గ్రంథాలయంలో వారానికి రెండు పుస్తకాలు, తెలిసిన పాఠాన్ని తోటివారికి చెప్పే బాధ్యత, ఒక వాద్యమో ఆటో నేర్చుకునే అవకాశం కలిపితే చాలామంది చురుకైన పిల్లల ఆకలి తీరుతుంది.

దాటించాల్సి వస్తే

అన్నీ చూశాక దాటించటమే సరైనదని తేలే బిడ్డలు ఉంటారు, తక్కువమందే అయినా. అప్పుడు వెనక్కి లాగటం కూడా అన్యాయమే. నిర్ణయం వేసవిలో తీసుకుంటే మంచిది. విద్యా సంవత్సరం మధ్యలో మార్చితే బిడ్డ రెండు తరగతుల స్నేహాలనూ పోగొట్టుకుంటుంది. వదిలేసిన తరగతిలో వచ్చిందో లేదో తెలియని పాఠాలను సెలవుల్లో చూసుకోవాలి. ప్రధానోపాధ్యాయుడు, చేరబోయే తరగతి ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు, బిడ్డ కలిసి కూర్చోవాలి. కొత్త తరగతి ఉపాధ్యాయుడికి ఇష్టం లేకపోతే ఆ ఏడాదంతా బిడ్డ తనను తాను నిరూపించుకోవాల్సి వస్తుంది.

మొదటి ఆరు వారాలు పరీక్షాకాలం అనుకోవాలి. నచ్చకపోతే తిరిగి రావచ్చని, అది ఓటమి కాదని బిడ్డకు ముందే చెప్పాలి. అప్పటిదాకా మొదటి ర్యాంకు వచ్చిన బిడ్డకు ఇప్పుడు ఏడో ర్యాంకు రావచ్చు. దానికి ఇంట్లో ఎవరూ చిన్నబోకూడదు. ఆటల్లో మాత్రం తేడా రాదు: పాఠశాల క్రీడా పోటీలు 14, 17, 19 ఏళ్ళలోపు అని వయసును బట్టే జరుగుతాయి కనుక, బిడ్డ మైదానంలో తన ఈడువారితోనే ఆడగలుగుతుంది. సాయంత్రం ఆ ఆట చెడకుండా చూసుకోవటం తల్లిదండ్రుల పని.

పుట్టిన తేదీ మార్చి రాయించే పాత అలవాటును మాత్రం ఎవరూ తిరిగి తేకూడదు. బడి పుట్టినరోజు ఒకటి, అసలు పుట్టినరోజు ఒకటిగా బతికిన పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. ఉద్యోగంలో, పింఛనులో వారు పడిన ఇబ్బంది బిడ్డలకు వద్దు.

నిర్ణయం

పరుగెత్తి పాలు తాగటం కంటే నిలబడి నీళ్ళు తాగటం మేలని సామెత. చురుకైన బిడ్డకు నిలబడి కూడా పాలు పోయగల బడి కావాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేటి నిబంధనల మధ్య, చాలామంది చురుకైన పిల్లలకు తరగతి దాటించటం కంటే సబ్జెక్టును ముందుకు జరపటమే మేలు. అయిదేళ్ళకే ఒకటో తరగతిలో చేరిన బిడ్డకు అయిదులోపు దాటింపు వల్ల నష్టమే ఎక్కువ. ఆరేళ్ళకు చేరి, చదవటం, రాయటం, లెక్క మూడింటిలోనూ ముందుండి, తనకు ఇష్టమై, ఇంట్లో తోబుట్టువు అడ్డు లేని బిడ్డను ఒకటో లేదా రెండో తరగతి దగ్గర దాటించవచ్చు. మిగిలిన బిడ్డల విషయంలో ప్రధానోపాధ్యాయుడిని అడగాల్సిన మొదటి మాట 'మా పాపను పై తరగతిలో వేస్తారా' అని కాదు. 'లెక్కల పీరియడ్‌కు పై తరగతిలో కూర్చోనిస్తారా' అని అడగాలి. దానికి జీవో అక్కర్లేదు, రుసుము అక్కర్లేదు. ఒక ఉపాధ్యాయుడు సరే అంటే రేపు ఉదయమే మొదలుపెట్టవచ్చు.